దించే తాడు



ఈ వారం తాళ్ళ గురించి, గిలకల గురించి రాస్తున్నాం. పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్నవాళ్ళకు ఇందులో సగం తెలిసిందే. హైదరాబాదులో, గల్ఫులో ఉండి చదువుతున్న మన పిల్లలకు మాత్రం కొంచెం విప్పి చెప్పాలి.

మన సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. పేరు రాయొద్దన్నారు. 60 దాటాయి. ఆయనది 18 అడుగుల చెక్క నావ, ఒకటే కొయ్య, ఒకటే తెరచాప. 30 ఏళ్ళు ఆయన వెనుక చుక్కాని పట్టుకుంటే, ముందు కూర్చుని చాప చూసుకున్నది ఆయన తమ్ముడు. ఆ తమ్ముణ్ణి సంక్రాంతి ముందు ప్రభువు పిలుచుకున్నారు. కొడుకులిద్దరూ ఫ్యాక్టరీ పనిలో ఉన్నారు. "నావ అమ్మేయి నాయనా" అంటున్నారు. తండ్రి మీద ప్రేమతోనే, భయంతోనే అంటున్నారు. నావ అమ్మేస్తే ఈయన పగలంతా ఏం చేస్తారో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

పరామర్శకు వెళ్ళినప్పుడు ఆయన మాతో ఒక మాటన్నారు: "అయ్యగారూ, చాప ఎత్తేదానికి నాకు భయం లేదు. దించేదానికే."

దీని అర్థం నీళ్ళ మీద తిరిగినవాళ్ళకు వెంటనే తెలుస్తుంది. చాప ఎత్తేది ఒడ్డున, తీరిగ్గా. ఆలస్యమైనా నష్టం లేదు. దించాల్సి వచ్చేది సరస్సు మధ్యలో, గాలి ముదిరినప్పుడు. చాప తాడేమో ముందు కొయ్యకు కట్టి ఉంటుంది, చుక్కాని వెనుక. ఇద్దరుంటే ఒకరు ఇటు, ఒకరు అటు. ఒక్కడే ఉంటే చుక్కాని వదిలి ముందుకు పాకాలి. వదిలిన మరుక్షణం నావ తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. మనిషి బరువు ముందుకు పోయి ముక్కు మునుగుతుంది. కొట్టుకుంటున్న చాప వెదురు తలకు తగిలినా అడిగే దిక్కుండదు.

మోటారు పెట్టుకోవచ్చు కదా అని మన యువకులే అడిగారు. పులికాట్ లోతు చాలాచోట్ల నడుము దాటదు. ఫ్యాను బురదలో దిగబడుతుంది, లేదంటే ఎవరి వలలోనో చుట్టుకుంటుంది. డీజిలు ఖర్చు సరేసరి. గాలికి బిల్లు లేదు.

అందుకని ఒంటరిగా నావ నడిపినవాళ్ళు ఏం చేశారో వెతికి చదివాం. జాషువా స్లోకం అనే నావికుడు 1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుంచి బయలుదేరి, 1898 జూన్ 27న న్యూపోర్టు చేరారు. 37 అడుగులు కూడా నిండని 'స్ప్రే' అనే నావలో, ఒక్కరే, 46,000 మైళ్ళు, భూమి చుట్టూ. ఆయన చేసినవాటిలో మాకు అన్నిటికంటే నచ్చింది బ్వేనస్ ఎయిర్స్‌లో చేసిన పని. అక్కడ ఆగి తన కొయ్యను 7 అడుగులు తగ్గించుకున్నారు. ముందుకు పొడుచుకొచ్చిన దూలాన్ని సుమారు 5 అడుగులు తగ్గించారు. తర్వాత వెనుక ఒక చిన్న కొయ్య నిలిపి దానికొక చిన్న చాప కట్టారు. అలా ముందుకూ వెనక్కూ గాలి బలం సరిపోయేటట్టు చూసుకున్న నావ, చుక్కాని కట్టేసినా దారి తప్పకుండా పోయేది. థర్స్‌డే దీవి నుంచి కీలింగ్ దీవుల దాకా 2,700 మైళ్ళు, 23 రోజులు. అందులో ఆయన చుక్కాని దగ్గర ఉన్నది మూడు గంటలకు మించలేదని రాసుకున్నారు. ముదురు నావికుడు, బలం చాలక కాదు, ఒక్క మనిషికి ఎంత చాప కావాలో తెలిసి తగ్గించుకున్నారు.

రెండో ఆయన హాస్లర్. 1960లో ప్లిమత్ నుంచి న్యూయార్కుకు, ఒక్కో నావలో ఒక్కరే వెళ్ళే పందెం జరిగింది. ఆ ఆలోచన ఈయనదే. ఈయన 'జెస్టర్' 25 అడుగులది. దానికి చైనావాళ్ళ పద్ధతిలో అడ్డకర్రలున్న చాప పెట్టారు. తాడు వదిలితే విసనకర్ర ముడిచినట్టు మడతలు మడతలుగా దిగుతుంది. తాళ్ళన్నీ నావ మధ్యలో ఉన్న గుండ్రటి ద్వారం దగ్గరికి తెచ్చుకున్నారు. అందులో నిలబడితే చాలు, పైకెక్కి తిరగనక్కర్లేదు. పందెం గెలిచిన ఫ్రాన్సిస్ చిచెస్టర్‌కు 40 రోజులు పట్టింది. రెండోవాడుగా వచ్చిన హాస్లర్‌కు 48.

ఇవన్నీ చదివి మన పెద్దాయనకు చెబితే, కొయ్య కోయడానికి మాత్రం ససేమిరా అన్నారు. అది తమ్ముడు భుజం మీద మోసుకొచ్చిన సరుగుడు కర్ర. మేమూ పట్టుబట్టలేదు. చాపనే తగ్గించాం. కింది నుంచి మూరెడు పైన అడ్డంగా ఒక వరస కట్లు కుట్టించాం, గాలి ఎక్కువున్న రోజు ఒడ్డునే అంతవరకు మడిచి కట్టుకోవచ్చు.

తర్వాత తాళ్ళు. చాప ఎత్తే తాడు కొయ్య మొదట్లో ఒక గిలక గుండా తిరిగి, నావ పక్క వెంట ఆయన కూర్చునే చోటికి వస్తుంది. దాని పక్కనే రెండోది, సన్నది. పైవెదురుకు కట్టి, మరో గిలక గుండా వెనక్కి తెచ్చాం. ఇది దించే తాడు. తడిసిన చాప, గాలి నిండిన చాప, ఎత్తిన తాడు వదిలినంత మాత్రాన కిందికి రాదు. వెదురు కొయ్యకు ఒరుసుకుని బిగుసుకుంటుంది. దాన్ని లాగడానికే ఈ సన్న తాడు. చీకట్లో చేతికి తెలియాలని ఎత్తే తాడు లావుగా, దించే తాడు సన్నగా చివర ముడితో ఉంచాం. దిగిన చాప నీళ్ళలో పడకుండా రెండు వైపులా జోలెలాగా సన్నతాళ్ళు కట్టాం.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం మళ్ళీ చదవండి, ఈసారి తాళ్ళ మీద చూపు పెట్టి. ఆ ఓడలో 276 మంది. ఇసుకతిప్పల భయం పుట్టినప్పుడు వాళ్ళు ఓడ సామగ్రిని కిందికి దించారు. చివర ఒడ్డుకు పోవాల్సినప్పుడు కట్టి ఉంచిన చుక్కానుల కట్లు విప్పి, ముందటి చాప ఎత్తారు. ఎప్పుడు దించాలి, ఎప్పుడు విప్పాలి, ఎప్పుడు ఎత్తాలి. లూకాగారు పడవ పనివాడు కాకపోయినా బాగా చూసి రాశారు.

చుక్కానికి పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు వైపులా కట్టాం. చెయ్యి తీసినా కాసేపు అది నిలిచి ఉంటుంది, చేత్తో తోస్తే కదులుతుంది. చాప మూల తాడుకు మాత్రం ముడి వేయొద్దని మేము చెప్పబోతే ఆయనే మాకు పాఠం చెప్పారు: కొయ్య మేకుకు ఒక్క చుట్టు, చివర చేతిలో. హఠాత్తుగా గాలి కొడితే వదిలేయాలి.

గొడవ వచ్చింది నడుము తాడు దగ్గర. చుక్కాని తనంతట తాను నిలిచే నావ, మనిషి నీళ్ళలో పడినా ఆగదు, పోతూనే ఉంటుంది. అందుకే నడుముకు ఒక తాడు, లైఫ్ జాకెట్, ఎక్కడానికి వెనుక ఒక తాడు నిచ్చెన పెట్టాం. "గొడ్డును కట్టేసినట్టు ఇదేంది అయ్యా" అని ఆయన నవ్వారు. వాళ్ళ అమ్మగారు లోపలి నుంచి, "కట్టుకుంటేనే పో, లేదంటే కూర్చో" అన్నారు. ఆ పైన ఎవరూ మాట్లాడలేదు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం, సముద్రపు గాలి మొదలయ్యాక, ఆయన ఒక్కరే వెళ్ళారు. ఒడ్డున మేము, కొడుకులు, ఇంకో పది మంది. అర మైలు పోయాక చాప ఒక్కసారిగా కిందికి వచ్చేసింది. పెద్ద కొడుకు చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగిపోయాడు. ఇంతలో చాప లేచింది. మళ్ళీ దిగింది. మళ్ళీ లేచింది. కావాలనే చేస్తున్నారని అప్పుడు అర్థమై ఆ అబ్బాయి మోకాలి లోతు నీళ్ళలో అలాగే నిలబడి చూశాడు.

నావ అమ్మే మాట ఇంట్లో ప్రస్తుతానికి ఆగింది. ఈశాన్య రుతుపవనాల గాలులు రాకముందు చాపకు ఇంకో వరస కట్లు కుట్టాలని ఆయన అంటున్నారు. దళసరి గుడ్డ, మంచి నైలాను దారం ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే ఆదివారం ఆరాధనకు వచ్చేటప్పుడు తీసుకురండి.