మా తాబేటి డిప్ప

నేను ప్రధానోపాధ్యాయ పదవి నుండి విరమించిన మరుసటి యేట నా మనుమడు ఒక చిన్న తాబేటిని కొనితెచ్చెను. కన్నుల వెనుక ఎఱ్ఱని చారలు గల ఆ జాతి అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతమునకు చెందినది. దానిని గాజుతొట్టిలోని నీట విడిచి, గదిలో ఒక మూల నుంచితిమి.

కొన్ని నెలలు గడచెను. ఒకనాడు మనుమడు దానిని చేతనెత్తి, "తాతయ్యా! దీని కడుపు క్రింది డిప్ప మెత్తబడినది. దుర్వాసన వచ్చుచున్నది" అనెను. అచ్చట తెల్లని మచ్చ యొకటి గుంటవలె నుండెను. "డిప్ప కవచము వంటిది. కవచమునకు నొప్పి యుండునా?" అని పలికి, నేను కొబ్బరినూనె పూసితిని. 30 ఏండ్లు పాఠములు చెప్పిన తాత మాట గనుక వాడు మారు పలుకలేదు. వారము దినములలో మచ్చ పెద్దదయ్యెను. తాబేలు మేత మానెను.

అప్పుడు పశువైద్యురాలి కడకు తీసికొనిపోతిమి. ఆమె పరీక్షించి యిట్లనెను: "అయ్యా! డిప్ప తాబేలు తొడిగికొన్న చొక్కా కాదు. వెన్నెముకయు ప్రక్కటెముకలును కలిసియే పై డిప్ప యేర్పడినది. పైనున్న పలకలు మన గోళ్ళవంటివి. వాని క్రింద ప్రాణమున్న ఎముకయు, రక్తమును, నరములును గలవు. తాకినచో దానికి తెలియును. ఎక్కి ఆరుటకు తావు లేక ఎడతెగక మురికినీట నుండుటచే సూక్ష్మజీవులు చేరి డిప్ప కుళ్ళినది. నూనె ఆ మురికిని లోపలనే నిలిపినది."

ఆమె కుళ్ళిన భాగమును మెల్లగా తొలగించి, నీట కలిపిన పోవిడోన్ అయోడిన్‌తో కడిగి, మందు పూసెను. కొంతకాలము దానిని పొడిచోట నుంచి, మేత వేళ మాత్రమే నీట విడువుడనెను. తొట్టిలో ఒక రాతిమెట్టు, తరచు మార్చిన నీరు, ఉదయపుటెండ, ప్రక్కనే కొంత నీడ యుండవలెననెను. డిప్పను గట్టిపరచు సూర్యకిరణములను గాజు చాలవరకు అడ్డగించును గనుక ఆరుబయటి యెండయే కావలెనట.

నాటినుండి మనుమడు ప్రతి ఉదయము దానిని డాబాపైకి కొనిపోవుచుండెను. కాకులు రాకుండ నేను కఱ్ఱ పట్టుకొని కాచుచుంటిని. విసిగి చెరువులో విడువుడని ఇరుగుపొరుగువారు చెప్పిరి. పరదేశపు తాబేలు మన చెరువులలోని తాబేళ్ళ మేతకు పోటీ యగును గనుక మేమందుకు ఒప్పుకొనలేదు. కొన్ని నెలలకు గుంట పూడెను. మచ్చ మాత్రము మిగిలెను.

"పొరపాటు నాదే నాయనా!" అని వానితో చెప్పితిని. బాలలారా! ఆ మచ్చను చూచినప్పుడెల్ల నేనాడు పలికిన మాట జ్ఞప్తికి వచ్చును. మూగజీవి తన బాధను చెప్పుకొనలేదు. దానిని పెంచువారు తెలియని వైద్యము చేయక, తెలిసినవారిని వెంటనే అడుగవలెను.