అంబాసిడరులో నానిన తివాచీ

ఈశాన్య ఋతుపవనములు తిరుపతిని తడుపు ఈ కార్తీకమాసమున, 2014లో ఉత్తరపారా కర్మాగారమున నిర్మాణము నిలిచిపోయిన అంబాసిడరు కారు నొకదానిని ప్రేమతో కాపాడుకొనుచున్న నాకు, ముందుసీటు చెంత నానిన తివాచీయే నిత్యచింతయైనది. నీరు కనబడిన చోటనే రంధ్రమున్నదని తలచి అచ్చటనే సిలికోను పూయుట వ్యర్థము. ఏండ్లకు గట్టిపడి బీటలువారిన ముందద్దపు రబ్బరు సందున చొచ్చిన బిందువు, డాష్‌బోర్డు వెనుక రేకు మడతల వెంబడి ప్రాకి, ఎక్కడనో దూరమున నేలకు దిగును. కావున తివాచీని, దాని క్రింది పట్టను పూర్తిగా తొలగించి, ఒకరు టార్చిలైటుతో లోపల కూర్చుండగా, వేరొకరు గొట్టపునీటిని క్రిందినుండి పైకి మెల్లమెల్లగా పట్టవలెను. తలుపుల అడుగున నీరు జారు రంధ్రములు మన్నుతో పూడినవేమో ముందే చూచుట మేలు. పైకి ఆరినదని తొందరపడి తివాచీని మరల పరచరాదు; క్రింద నిలిచిన తేమయే నేలరేకును తుప్పుపట్టించి తినివేయును.