పులుసు బాగుంది

సావనీరుకు "విద్యార్థి జీవితంలో మరపురాని అనుభవం" ఒకటి రాసి పంపమని సంఘం వారు అడిగారు. మరపురానివి చాలానే ఉన్నాయి. అయితే నలభై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పనిది ఒక్కటే ఉంది. అది ఒక సాయంత్రం భోజనం కథ. ఆ భోజనానికి నాతో కూర్చున్న ఐదుగురు మిత్రులూ ఈ పేజీ చూస్తారన్న నమ్మకంతో రాస్తున్నాను.

1981 ఏప్రిల్. ఆఖరి పేపరు రాసి బయటికొచ్చాం. హాస్టల్ మెస్సులో ఆ పూట కూడా వంకాయ కూరేనని కబురు తెలిసింది. "ఇక చాలు, ఈ రాత్రికి సముద్రం ఒడ్డున చేపల పులుసుతో భోంచేయాల్సిందే" అని మా గుంపులో బక్కాయన తీర్మానం ప్రవేశపెట్టాడు. ఐదు ఓట్లతో నెగ్గింది. ఆరో ఓటు నాది, నోరు మెదపలేదు. ఎక్కడికి అంటే భీమిలి అన్నారు. నా గుండె జారిపోయింది.

కారణం చెప్పాలి. మాది భీమిలి. నా పదకొండో ఏట తెప్ప మీద వేటకెళ్ళిన నాన్న తిరిగి రాలేదు. అమ్మ కొన్నాళ్ళు గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మింది. ఆ తరవాత ఒడ్డున తాటాకు పాక వేసి అన్నం, పులుసు వండి పెట్టేది. ఆ పులుసే నన్ను యూనివర్సిటీ దాకా చదివించింది. నేను మాత్రం అప్లికేషన్ ఫారంలో "సంరక్షకుని వృత్తి" అన్న చోట "వ్యాపారం" అని రాశాను. మిత్రులకు మా ఊరు విజయనగరం దగ్గరని చెప్పాను. ఒకసారి అబద్ధం ఆడితే దానికి కాపలా కాయడమే పెద్ద ఉద్యోగం. మూడేళ్ళు ఆ ఉద్యోగం చేశాను.

విశాఖ నుంచి భీమిలి పాతిక కిలోమీటర్లు. బస్సులో అందరూ పాటలు పాడుతున్నారు, నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. చీకటి పడితే అమ్మ పాక కట్టేసి ఇంటికెళ్ళిపోతుందని నా ధైర్యం. దిగాక గడియారస్తంభం దగ్గర తెలిసినవాళ్ళు పలకరిస్తారేమోనని తల వంచుకుని నడిచాను. డచ్చివారి సమాధులు చూద్దామన్నాను, గోస్తని సముద్రంలో కలిసే చోటు చూద్దామన్నాను. పొద్దు గడపడానికి ఊళ్ళో ఉన్న చరిత్రంతా వాళ్ళకు అప్పజెప్పాను. "ఇంత ఎలా తెలుసురా నీకు?" అన్నాడొకడు. "పుస్తకాల్లో చదివాను" అన్నాను.

ఆ రోజు వేట బాగా పడింది గాబోలు, ఒడ్డున పెట్రోమాక్స్ లైటు వెలుగుతూనే ఉంది. సరుగుడు కట్టెల పొగ, చింతపండు పులుసు వాసన గాలిలో కలిసి వస్తున్నాయి. బక్కాయన ముక్కు ఎగబీల్చి, "అదే! ఆ పాకే!" అన్నాడు.

అప్పుడు నేనన్న మాట ఇది. "అక్కడొద్దురా, ఈగలు ముసురుతుంటాయి. శుభ్రంగా ఉండదు."

ఎవరూ వినలేదు. లోపలికి వెళ్ళాం. అమ్మ పొయ్యి దగ్గర నుంచి తలెత్తింది. నన్ను చూసి ఆమె ముఖం విచ్చుకుంది, పెదవి కదిలింది. నేను తల దించేసుకున్నాను. ఎంతసేపని? రెప్పపాటు. ఆ రెప్పపాటులో ఆమెకు అంతా అర్థమైపోయింది.

"రండి బాబూ, కూకోండి. ఎంతమందీ, ఆరుగురా?" అంది.

ఇసక మీద చాప పరిచి అడ్డాకు విస్తళ్ళు వేసింది. పొగలు కక్కే అన్నం, కరకరలాడే నెత్తళ్ళ వేపుడు, దాకలో కోనాం పులుసు. అమ్మ పులుసులో గరిట పెట్టదు, ముక్క చితికిపోతుందని. దాకను రెండు చేతులా గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పుతుంది. ఆ రోజూ అలాగే తిప్పింది. ఇంట్లో వెయ్యిసార్లు చూసిన చేతులే అవి. అపరిచితుడిలా చూస్తూ కూర్చున్నాను.

వడ్డిస్తూ వడ్డిస్తూ తలకాయ ముక్క తెచ్చి నా విస్తట్లో వేసింది. చిన్నప్పట్నుంచీ నాకదంటే ప్రాణం.

"ఏవమ్మా, వాడికేనా తలకాయ?" అన్నాడు బక్కాయన.

"ముందుగా కూకున్నారు గదా బాబూ. నీకు ఇంకోపాలి ఏత్తాను, కడుపునిండా తిను" అంది.

వాడు మూడుసార్లు పులుసు పోయించుకున్నాడు. "ఇలాంటి పులుసు జన్మలో తినలేదు" అన్నాడు. మిగతా నలుగురూ అవునంటే అవునన్నారు. ఒక్క మాటా అననివాణ్ణి నేనొక్కణ్ణే.

లెక్క ఇరవై రెండు రూపాయలైంది. ఖర్చుల పద్దు నా చేతిలో ఉండడం వల్ల డబ్బు నేనే ఇవ్వాల్సి వచ్చింది. పాతిక ఇచ్చాను. అమ్మ కొంగుముడి విప్పి, మూడు రూపాయలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది.

"సరిగ్గా ఉన్నాయేమో సూసుకోండి బాబూ" అంది.

మా అమ్మ నన్ను "మీరు" అనడం ఆ రోజే. అంతకు ముందు లేదు, ఆ తరవాతా లేదు.

తిరుగు బస్సులో అందరూ నిద్రపోయారు. నాకు కన్ను మూతపడలేదు. ఆ శనివారం ఇంటికి వెళ్ళాను. కాళ్ళ మీద పడదామని దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. గుమ్మంలో అడుగుపెట్టగానే అమ్మ, "ఒరే, ఆ రోజు నెత్తళ్ళలో ఉప్పెక్కువైందేటి? నువ్వు సరిగ్గా తిన్లేదు" అంది. మళ్ళీ తనే, "ఆ బక్క బాబుకి హాస్టల్లో తిండి సాలదు గావాల, పాపం. ఇంకోపాలి తీసుకురా" అంది. అంతే. నేను పేర్చుకున్న మాటలు గొంతులోనే ఉండిపోయాయి. "తీసుకొస్తానమ్మా" అన్నాను.

తీసుకురాలేదు. ఉద్యోగం, బదిలీలు, పెళ్ళి, పిల్లలు. చేయాలన్న పని వాయిదా వేయడానికి కారణాలకేం కొదవ? అమ్మ 2009లో పోయింది. పాకను ఆమె దగ్గర పనిచేసినామె నడిపింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు అదీ కొట్టుకుపోయింది. ఇప్పుడక్కడికి వెళితే ఇసక తప్ప ఆనవాలు లేదు.

విద్యార్థి మిత్రులకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. మీలో ఎవరైనా ఫారంలో ఆ గడి దగ్గర కలం ఆపి ఆలోచిస్తుంటే మాత్రం, ఉన్నదున్నట్టు రాసేయండి. రాయడానికి ఒక్క క్షణం చాలు. రాయకపోతే ఎన్నేళ్ళు పడుతుందో నన్ను చూస్తే తెలుస్తుంది.

ఇక నా ఐదుగురు మిత్రులకు: ఆ రాత్రి మీరు మెచ్చుకున్న పులుసు మా అమ్మ వండింది. ఆ పాకలో ఈగలు లేవు. శుభ్రంగా ఉండేది.

ఆ రోజు అనవలసిన మాట ఒకటి బాకీ ఉంది. పులుసు చాలా బాగుందమ్మా.