ఎండిన సిరా

ఛాయాపటములను ఇంటనే ముద్రించుకొను యంత్రములు ఇప్పుడు మన యూళ్లలో పెక్కిండ్లకు వచ్చినవి. పిల్లల బడికాగితములకు, దరఖాస్తులకు అంటించు చిన్న పటములకు, పెండ్లిపేరంటముల జ్ఞాపకములకు అవి మిక్కిలి యక్కరకు వచ్చుచున్నవి. కాని కొన్నాళ్లు వాడక మూలనుంచినచో ముద్రణలో చారలు పడును. ఒక్కొక్కప్పుడు ఒక రంగు బొత్తిగా మాయమగును. అంతట యంత్రము చెడినదని నిశ్చయించి దానిపై గుడ్డ కప్పువారు కలరు. దుకాణమునకు మోయించి, చెప్పిన వెల యిచ్చువారును కలరు. చాలసార్లు లోపల సిరా యెండుటయే దీనికి కారణము. ఎండిన సిరాకు నీరును, ఓపికయు చాలును. ఈ విషయమున మాకు తెలిసినంత విన్నవింతుము.

కాగితముపై అటునిటు పరుగిడు పెట్టె యడుగున ప్రింటుహెడ్డు అను భాగమున్నది. జనులు వట్టి హెడ్డనియే యందురు. దాని క్రిందివైపున వరుసలు వరుసలుగా రంధ్రములుండును. అమరకోశములో రంధ్రమునకు పది పేళ్లకు మించి యున్నవి గాని, అవి చెప్పిన నాడు ఇంత సన్నని రంధ్రమును తలచినవారుండరు. ఇవి తలవెండ్రుకకంటెను సన్నము. వీనినుండి సిరాను బిందువులుగా వెడలించుటకు రెండు తెరగులు కలవు. ఒకటి వేడిమి. 1977లో జపానుదేశమున కానన్ సంస్థవారి పరిశోధనశాలలో, కాగిన సోల్డరింగు ఇనుము సిరా నింపిన సిరంజి సూదికి తగులగా మొననుండి సిరా చిమ్మెనట; దానినుండియే వారు ఉపాయము గ్రహించిరి. సిరా క్షణకాలము కాగి బుడగయై, ముందున్న బిందువును బయటికి త్రోయును. రెండవది విద్యుత్తునకు వంగు పలుక. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అను సోదరులు కనుగొనిరి. ఈ పియరీయే తరువాత మేరీ క్యూరీకి భర్త యయ్యెను. నొక్కిన విద్యుత్తు పుట్టునట్లే, విద్యుత్తు పంపిన అట్టి పదార్థము ఒకింత వంగును. ఆ వంపు సిరాను నెట్టును. ఎప్సన్ యంత్రములు ఈ పద్ధతివి. వానిలో హెడ్డు యంత్రమునకే బిగింపబడియుండును. హెచ్‌పీ వారి చిన్న యంత్రములు పెక్కింటిలో అది సిరాడబ్బీకే అతికియుండును. డబ్బీ మార్చిన హెడ్డును మారును. మీ యింటనున్నది ఏ తెరగుదో ముందు తెలిసికొనుడు.

సిరాలో ఎక్కువపాలు నీరే. అది త్వరగా ఆరకుండుటకు కొన్ని చిక్కని ద్రవములు కలుపుదురు. అయినను రోహిణీకార్తె యెండలలో యంత్రము కదలక పడియున్నచో రంధ్రపు మూతికడ నీరు ఆవిరియై రంగు గట్టిపడును. యంత్రమును దాని మీటతోనే ఆర్పినచో హెడ్డు తన మూలకు బోయి రబ్బరుమూతలో ఒదుగును. ముద్రణ నడుమ గోడమీది స్విచ్చు ఆర్పినను, కరెంటు పోయినను అది మూతలేక గాలికి తెరచియుండును. మన శ్రీకాకుళము, విజయనగరము సీమలలో కరెంటు సంగతి వేరుగ చెప్పనేల? 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలుగ్రామములు దినములతరబడి చీకటిలో నుండెను.

ఆ తిత్లీ తుపాను 11వ తేదీన పలాస చేరువ తీరము దాటినది. ఉద్దానమున కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరగినవి. మా అత్తగారి చెల్లెలి యిల్లు ఆ సీమలోనిదే; ఆమెను మేము చిన్నత్తగారందుము. ఆమె భర్త అంతకు రెండేండ్లు ముందే, అచ్చట నెందరినో బలిగొన్న మూత్రపిండవ్యాధితో గతించెను. తుపానునాడు ఇంటి పెంకులెగిరి పెట్టెలోని పటములన్నియు తడిసి ఒకదానికొకటి అంటుకొనినవి. విడదీయబోగా ముఖములు ఊడివచ్చినవి. మిగిలినదెల్ల, అంతకు మునుపెప్పుడో మావారు గోడమీది పటమును ఫోనుతో తీసిన చిత్రమొక్కటియే. అది ఫోనునుండి ఫోనునకు మారుచు ఇన్నేండ్లు నిలిచినది. ఈ యేడు తద్దినమునకు దానిని కాగితముపై చూడవలెనని చిన్నత్తగారు మా యింటికి వచ్చిరి. స్టూడియోవారి చేతికిచ్చుట ఆమెకు ఇష్టము లేదు.

మా తల్లిగారి శస్త్రచికిత్సకై మేము వేసవిలో రెండుమాసములు పుట్టినింట నుండుటచే యంత్రమునకు పని లేకుండెను. తొలిపటము తీయగా మెజెంటా యను గులాబియెరుపు రాలేదు. మేనిఛాయకు మెజెంటాయు పసుపును కలిసి కావలెను; ఒకటి పోయిన మిగులునది పసుపే. చిన్నత్తగారు కాగితమును వెలుతురునకు బట్టి, “ఏటే అమ్మా, మీ చిన్నమామకి పసిరికలొచ్చినట్టున్నాదేటి?” అని యడిగిరి. కడపటి మాసములలో ఆయన ముఖము నిజముగ నట్లే యుండెనని మా అత్తగారు పిదప మాతో చెప్పిరి. ఆ కాగితమును ఆమె చేతినుండి తీసికొనుట మాకు కష్టమయ్యెను.

తద్దినము ఐదు దినములలో నున్నది. మావారు పట్టణమున నొక మరమ్మతు దుకాణమునకు ఫోను చేయగా, హెడ్డు మార్చవలెననియు, తెప్పించుటకు పదిదినములు పట్టుననియు చెప్పిరట.

మా తండ్రిగారికి రాజమహేంద్రవరపు రత్నం కలమొకటి యుండెను. స్వదేశీ యుద్యమపు దినములలో, 1932లో ఆరంభమైన పనివాడితనమది. మేము వారికడ భారతభాగవతములు చదువుకొను కాలమున, కలము ఎండినప్పుడు పాళీని సూదితో పొడువనిచ్చెడివారు కారు. గిన్నెలో చల్లని నీరు పోసి రాత్రియంతయు నాననిచ్చి, ఉదయమున గుడ్డపై అద్దెడివారు. హెడ్డునకును ఇదియే న్యాయమని మాకు తోచినది. యంత్రముతో వచ్చిన పుస్తకమును ముందు చదివి, పిదప పనికి దిగితిమి.

మొదట నాజిల్ చెక్ అను పరీక్షకాగితము తీయవలెను. ప్రతి రంగునకు మెట్లవలె చిన్నగీతలు వచ్చును. గీత తెగినచోట రంధ్రము మూసికొన్నదని యెరుగవలెను. మా కాగితమున మెజెంటా గీతలు ముప్పాతిక లేవు. లేత మెజెంటా బొత్తిగా లేదు. తరువాత యంత్రము తనంతట చేసికొను హెడ్ క్లీనింగు ఒకమారు నడపి మరల పరీక్షింపవలెను. దీనిని వరుసగా రెండుమూడు మారులకు మించి చేయరాదు. ప్రతిమారును యంత్రము రంధ్రములనుండి సిరాను పీల్చి లోపలి మెత్తలోనికి విడుచును. సిరా ఖర్చగుటయే కాక, మెత్త నిండినదని లెక్క తేలిననాడు యంత్రము పని మానును. పీల్పులో గాలిబుడగలు చేరి బాగున్న గీతలును తెగవచ్చును. మాకు రెండవమారు అట్లే సయాను నీలపు గీతలు రెండు పోయినవి. ఇంటనందరును మరొకమారు నొక్కుమనిరి. మేము నొక్కక, మీటతో ఆర్పి రాత్రియంతయు ఊరకుంచితిమి. తెల్లవారునప్పటికి నీలపు గీతలు తమంత వచ్చినవి, మెజెంటా రాలేదు.

అప్పుడు తడిపట్టీ వేసితిమి. దీనికి బావినీరు పనికిరాదు. అందలి లవణములు ఆరినపిమ్మట రంధ్రములోనే నిలుచును. ఇన్వర్టరు బ్యాటరీలో పోయుటకు కొను డిస్టిల్డ్ వాటరు సరిపోవును. బ్యాటరీ దుకాణములలో ఆమ్లమును కూడ అమ్ముదురు గనుక సీసామీది పేరు చదివి తీసికొనవలెను. నూగు రాలని మెత్తని కాగితమును వ్రేలిమందము మడతగా చేసి, చెమ్మగిలునంత మాత్రము తడిపితిమి; నీరు కారకూడదు. యంత్రమును వెలిగించి, హెడ్డు తన మూల విడిచి నడిమికి రాగానే ప్లగ్గు తీసివేసితిమి. అప్పుడది చేతితో మెల్లగ జరుగును. పట్టీని దాని దారిలో పరచి, హెడ్డును దానిపైకి జరిపి, మూతవేసి నాలుగు గంటలుంచితిమి. పట్టీ తీసి చూడగా ఆరురంగుల చారలును ప్రక్కప్రక్కన పడియుండెను. మెజెంటా చారను చూచి చిన్నత్తగారు “పారాణి” యనిరి.

హెడ్డు వెనుక పొడుగున సాగియున్న పలుచని పారదర్శకపు పట్టీని మాత్రము తాకరాదు. దానిమీది సన్నగీతలను బట్టియే యంత్రము హెడ్డు ఎచ్చటనున్నదో గుర్తించును. వ్రేలిజిడ్డు తగిలినను తికమకపడును. సూది, పెట్రోలు, గోళ్లరంగు తుడుచు ద్రవము హెడ్డు దరికి రానీయకుడు. డబ్బీకే హెడ్డున్న యంత్రమైనచో పని యింకను సులువు: డబ్బీ యడుగును తడికాగితముపై ఒకటిరెండు నిమిషములుంచిన చాలును, బంగారువన్నె రేకులు తడియకుండ చూచుకొనవలెను. ఇడ్లీపళ్లెపు కన్నులను, కాఫీఫిల్టరు రంధ్రములను విడిపించుట మనకు నిత్యకృత్యమే కదా! ఇది వానికంటె సన్నని పని, అంతియే.

పిదప ఒక్క క్లీనింగుతో రెండు తప్ప గీతలన్నియు వచ్చినవి. కాగితము నిండ మెజెంటా పూసిన పుటలు రెండు ముద్రించుసరికి ఆ రెండును వచ్చినవి. మా యంత్రపు సిరాలన్నియు నీట కరగు రంగులు గనుక, ఎండిన బెల్లపుపాకమువలె మరల కరగినవి. కొన్ని యంత్రములలో నలుపు మాత్రము సన్నని పొడిరూపమున నుండును. అది ముగ్గుపిండివలె నీటిలో కలియునే గాని కరగదు. అట్టిది యెండినచో రెండుమూడు రాత్రులు పట్టవచ్చును, వదలకపోవుటయు కలదు. ఇంతదాక రానీయక, వారమునకొకమారైన అన్నిరంగులతో నొక చిన్నకాగితము తీయుట మేలు. ఇప్పుడు మా యమ్మాయి ప్రతి శుక్రవారము ఆరురంగుల ముగ్గొకటి ముద్రించుచున్నది.

చిన్నమామగారి పటము తద్దినమునకు రెండు దినములు ముందే సిద్ధమైనది. క్రొత్తగ ముద్రించిన పటమును వెంటనే అద్దము క్రింద బిగింపరాదు. ఒక దినము గాలికి ఆరనిచ్చి, అద్దమునకు తగులకుండ చుట్టును అట్ట పెట్టి బిగించితిమి. నీట కరగు రంగు గనుక దీనికి తడి తగులరాదని చిన్నత్తగారితో చెప్పితిమి. అట్లయిన రెండవ ప్రతి కావలెననిరి. దానిని ప్లాస్టికుసంచిలో చుట్టి, మూత గట్టిగ బిగియు డబ్బాలో భూమికాగితములతో పాటు పెట్టుకొనిరి.