రేవులో రెండు రోజులు

రైలుకోసం నిరీక్షించేవారు గడియారం వంక చూస్తారు. ఓడకోసం నిరీక్షించేవారు ఊరి వంక చూస్తారు. రైలు నిలయం ఏ ఊరిలోనైనా ఇంచుమించు ఒక్క తీరుగానే ఉంటుంది. రేవుపట్టణం అట్లా కాదు. నేల తన కథనంతా మోసుకొని వచ్చి సముద్రానికి అప్పగించే చోటు అది. అందుచేతనే కాబోలు, ఓడ ఎక్కే ముందు పట్టణం చూడటమనే ఆచారం ఏర్పడింది. ఐతే ఆ చూడటంలో ఒక చిక్కు ఉన్నది. కళ్ళు నేలమీద తిరుగుతున్నా, మనసు అప్పటికే నీటిమీద ఉంటుంది. ఏరు దాటేదాక ఓడమల్లయ్య, దాటినాక బోడిమల్లయ్య అన్న సామెత ఓడవాణ్ణి మరచినవారిని గురించినదే ఐనా, రేవును మరచే యాత్రికులకు కూడా చక్కగా చెల్లుతుంది.

మొన్నటి శీతకాలంలో మా అమ్మాయి నాకూ, ఎనభై దాటిన మా అమ్మకూ ఒక విహారనౌకలో గది కొన్నది. బొంబాయినుంచి గోవా మీదుగా లక్షదీవులదాకా పోయివచ్చే ఓడ అది. ఆ నగరం పేరు 1995లో అధికారికంగా ముంబయి ఐనది గాని, మా అమ్మ నేటికీ బొంబాయి అనే అంటుంది. ఇక్కడ నేనూ ఆమె మాటనే వాడుతాను. ఓడ బలార్డ్ పియర్ వద్ద ఎక్కాలి. మేము రెండు రోజులు ముందుగానే పోయి ఆ దాపునే బస చేశాము.

మొదటినాడు తెల్లవారకముందే ససూన్ డాక్‌కు పోయాను. 1875లో తెరచిన ఆ డాక్‌లో పత్తి బేళ్ళ కాలం గతించి, చేపల కాలం నడుస్తున్నది. పడవలనుంచి తట్టలు దిగుతున్నవి. వాటి చుట్టూ కోలీ స్త్రీలు గుమిగూడి వేలం పాడుతున్నారు. ఈ ద్వీపాలలో అందరికంటె ముందు కాపురమున్నవారు ఆ కోలీలే. ఏడు ద్వీపాలను కలిపి ఒక్క నగరం చేసినవారి పేర్లు రాళ్ళమీద చెక్కి ఉన్నవి. కోలీల పేరు చెక్కిన రాయి నాకు కనిపించలేదు. ఐతే ఉదయం నాలుగింటికి ఆ రేవు ఎవరిదో చెప్పటానికి శిలాశాసనం అక్కరలేదు.

అక్కడికి సమీపంలోనే గేట్‌వే ఆఫ్ ఇండియా. 1911లో ఐదవ జార్జి రాజు ఈ రేవులో దిగిన జ్ఞాపకార్థం కట్టినది. రాజు దిగిననాడు ఈ రాతిద్వారం లేనేలేదు. పునాదిరాయి పడినది 1913లో, ద్వారం తెరచినది 1924లో. ఆ తర్వాత ఇరవైనాలుగేళ్ళకు, 1948 ఫిబ్రవరి 28న, బ్రిటిష్ సైన్యంలో చివరి దళం ఈ ద్వారంగుండానే నడచి ఓడ ఎక్కిపోయింది. స్వాగతానికై కట్టిన ద్వారం సాగనంపటానికి ఉపయోగపడిందన్నమాట. ఓడలు బళ్ళవుతవి, బళ్ళు ఓడలవుతవి అని మనవారు ఊరక అనలేదు.

ఆ సాయంకాలం బసలో కూర్చున్నప్పుడు మా అమ్మ విక్టోరియా డాక్ ఏ దిక్కున ఉన్నదని అడిగింది. 1944 ఏప్రిల్ 14న అక్కడ ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలిపోయింది. అందులో పత్తి బేళ్ళూ, మందుగుండూ, బంగారు కడ్డీలూ ఒక్కచోట నింపి ఉన్నవి. పత్తికి నిప్పంటుకొన్నది. ఆర్పబోయిన అగ్నిమాపక దళంలో 66 మంది ఆ పేలుడుకు ఆహుతైనారు. దేశమంతటా ఏప్రిల్ 14ను అగ్నిమాపక దినంగా పాటించటం వారి స్మృతికే.

ఆనాటికి మా తాత బొంబాయిలో సుతారిపని చేస్తుండేవాడు. పాలమూరు జిల్లాలో ఉన్న అమ్మమ్మకు వార్త ముందు వచ్చింది, ఉత్తరం రెండు నెలలకు వచ్చింది. ఆ రెండు నెలలు ఆమె బొట్టు పెట్టుకొంటూనే ఏడ్చిందట. చివరకు వచ్చిన కార్డులో ఉన్నది ఒకే సమాచారం: కూలిన గోడలు చాలా ఉన్నవి గనుక ఈ ఏడు పనికి లోటుండదు.

నాది అనువాదవృత్తి. ముప్ఫై ఏళ్ళుగా హిందీ పుస్తకాలను తెలుగు చేస్తున్నాను. రేవులో తిరిగేటప్పుడు నాకు మాటలే ఎక్కువగా కనిపిస్తవి. బోరీ బందర్, మసీద్ బందర్, అపోలో బందర్ అని ఇక్కడ పేటకొక బందరు. పారసీకంలో ఆ మాటకు రేవు అని అర్థం. మనకు బందరు అంటే మచిలీపట్నం. హిందీలో రేవును బందర్‌గాహ్ అనాలి, ఒట్టి బందర్ అంటే కోతి. లంగరు మనకు ఓడను నిలిపేది. పంజాబులో అదే మాట ఆకలిగొన్నవారిని నిలిపే గురుద్వారా పంక్తిభోజనం. లష్కర్ అంటే సైన్యం. ఆంగ్లేయుల ఓడల్లో పనిచేసిన మన నావికులు లాస్కర్లు. మన డెల్టా కాలువలవెంట నీరు చూసేవాడు లస్కరు. సరంగు గోదావరి లాంచీలోనూ ఉన్నాడు, ఈ సముద్రంలోనూ ఉన్నాడు. ఏ పండితుడూ కూర్చకుండానే కూలీలూ, నావికులూ తమ నోళ్ళతో కూర్చుకొన్న నిఘంటువు ఇది.

ఆ నిఘంటువులో మా ఇంటికి సంబంధించిన మాట ఒకటి ఉన్నది: కామాఠిపుర. కామాఠి అంటే కూలిపనివాడు. పద్దెనిమిదవ శతాబ్ది చివర ద్వీపాలమధ్య పల్లపు నేలలు పూడిన తర్వాత, తెలుగుదేశంనుంచి పోయిన కూలీలు అక్కడ గుడిసెలు వేసుకొన్నారు. వారి పేరే పేటకు వచ్చింది. నగరం కట్టిన చేతుల పేరది. తర్వాత, బ్రిటిష్ పాలనలో, ఆ పేట వీధులు కొన్ని వేశ్యావాటికలైనవి. సినిమాలూ, నవలలూ ఆ ఒక్క అర్థాన్నే దేశమంతటా చాటినవి. మా అమ్మ చిన్నతనంలో టపా బంట్రోతు వాకిట నిలచి "కామాఠిపుర మనియార్డరు" అని కేకవేస్తే ఆ ఇల్లంతా పండుగ. ఆమె నడివయసుకు వచ్చేసరికి మా నాయన బొంబాయిలో ఉండేవాడు అని మాత్రమే చెప్పి, పేట పేరు మింగటం నేర్చుకొన్నది.

రెండవనాడు ఆమె, "అవన్నీ చూసినం గద బిడ్డా, మా నాయిన ఉన్న గల్లీ సూపియ్యవా?" అన్నది. టాక్సీవాడు వెనుకకు తిరిగి, "మాతాజీని తీసుకొని అక్కడికా?" అని హిందీలో అడిగాడు. ఔనన్నాను. నేను వివరించబోతుండగా మా అమ్మే తనకు వచ్చిన దక్కనీలో, "మా నాయిన ఇల్లు ఉన్నది" అన్నది. అతడు మరి మాట్లాడలేదు.

ఇరుకు సందులు, కర్ర మెట్ల పాత ఇళ్ళు, తలుపులవద్ద కూర్చున్న స్త్రీలు, పక్కనే కుట్టుపని చేసే గదులు, బడినుంచి వచ్చే పిల్లలు. ఒక అరుగుమీద ముసలమ్మ చింతపండు గింజలు తీస్తున్నది. మా అమ్మ నిలచి, "ఏ ఊరమ్మా మీది?" అన్నది. "మా అత్తగారిది నారాయణపేట దిక్కు. నేను ఇక్కడనే పుట్టిన" అని ఆమె జవాబు. తాత ఉన్న ఇల్లు ఏదో తెలియలేదు, తెలుసుకోగల సాధనమూ లేదు. ఇద్దరూ పావుగంటసేపు వానలు, కాపులు, కాళ్ళనొప్పులు మాట్లాడుకొన్నారు. లేచేటప్పుడు ముసలమ్మ, "ఇవన్ని పడగొట్టి పెద్ద బిల్డింగులు కడ్తరంట" అన్నది. "కట్టేటోళ్ళు మల్ల మనోళ్ళే గద" అన్నది మా అమ్మ.

ఓడలో సౌఖ్యానికి లోటు లేదు. భోజనశాలలూ, ఈతకొలనూ, నాటకశాలా అన్నీ ఉన్నవి. నేను వాటిని అనుభవించాను, మా అమ్మ నాకంటె ఎక్కువగా అనుభవించింది. సుఖపడటం శ్రమించినవారికి ద్రోహమని ఆమె అనుకోదు. తన తండ్రి పంపిన డబ్బు సుఖపడటానికే గదా అంటుంది. గది సర్దటానికి వచ్చిన కుర్రవాణ్ణి ఏ ఊరు నాయనా అని అడిగి, అతని తల్లి ఆరోగ్యంకూడా విచారించింది.

నేను తెలుగు చేస్తున్న ఒక హిందీ నవలలో కామాఠిపుర అన్న మాట ఏడెనిమిదిచోట్ల వస్తుంది. అంతటా అపకీర్తి అర్థంలోనే. ఆ పేరు తీసివేసి వేశ్యవీధి అని వ్రాస్తే చదువరికి సులభం. అట్లా వ్రాయను. మూలంలో ఉన్న పేరును ఉన్నట్లే ఉంచుతాను. హిందీ పాఠకునికి అది ఒక చోటు పేరు మాత్రమే. తెలుగు పాఠకునికి ఆ పేరులో పనివాడు వినిపించే అవకాశం ఉన్నది. అనువాదంలో మూలంకంటె అదనంగా దక్కే లాభం అరుదు. దక్కినప్పుడు దాన్ని వదలుకోరాదు.