ఓడ ఎక్కే ముందు రోజు

విశాఖపట్నం నుంచి అండమాన్‌కు వెళ్లే ఓడ రోజూ ఉండదు. ఇంచుమించు నెలకొకసారి వస్తుంది. బయల్దేరే తేదీ కొద్ది రోజుల ముందే ఖాయమవుతుంది, ఆ తర్వాత కూడా వాతావరణాన్ని బట్టి అటూ ఇటూ జరుగుతుంది. అందుకే హైదరాబాద్ లాంటి దూరపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఒక రోజు ముందే విశాఖలో దిగడం మంచిది. మేమూ దిగాం. చేతికొచ్చిన ఆ ఒక్క రోజును నేను ఎలా ఖర్చు పెట్టానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ప్రయాణం అసలు అమ్మ కోసం. అమ్మది శ్రీకాకుళం జిల్లా. ఆవిడ అన్నయ్య, అంటే మా పెద్ద మావయ్య, కుర్రతనంలోనే పని వెతుక్కుంటూ అండమాన్ వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఆ జిల్లాలో ఇది కొత్త సంగతి కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి కూలి పనికీ చేపల వేటకీ వెళ్లి ఆ ద్వీపాల్లో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగు. మావయ్య ఇక ఇటు రాలేనంత పెద్దవాడయ్యాడు. అమ్మకు డెబ్బై దాటాయి. విమానంలో తీసుకెళ్తానన్నాను. "అన్నయ్య ఓడ మీద వెళ్లాడు, నేనూ ఓడ మీదే వెళ్తాను" అంది. ఆవిడ ఓడే ఎందుకు కావాలంటోందో నేను ఆగి అడగలేదు. టికెట్లు తీసుకోవడం, గుర్తింపు కార్డులు సర్దడం, సెలవు పెట్టడం, ఆ హడావుడిలో పడిపోయాను.

పైగా విశాఖ చూడటానికి ఒక పట్టిక రాసుకున్నాను. పొద్దున్నే సింహాచలం. అక్కణ్నుంచి కైలాసగిరి, పిల్లల కోసం రోప్‌వే. ఆ తర్వాత భీమిలి దారిలో తొట్లకొండ, ఇది నా సరదా. కొండ మీద నౌకాదళం పనులు చేస్తుంటే 1970లలో బయటపడిన బౌద్ధారామం అది. రాతిలో తొలిచిన నీటి తొట్లు, స్తూపాల పునాదులు, భిక్షువుల గదుల ఆనవాళ్లు, ఎదురుగా సముద్రం. ఆ చోటంటే నాకు ప్రాణం. సాయంత్రం ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది ఒడ్డు మీద ప్రదర్శనశాల అయింది. మా అబ్బాయి దాని గురించి పుస్తకంలో చదివి ఎప్పటినుంచో అడుగుతున్నాడు. చివర్లో మా ఆయన కోసం ఇసుక మీద కూర్చుని ముంత మసాలా. ఇంట్లో అందరి కోరికకూ ఆ పట్టికలో చోటుంది, అమ్మ కోరికకు తప్ప.

అడగలేదని కాదు. స్టేషన్ నుంచి కారులో వస్తుంటే అడిగింది. "పాత ఊళ్లో వెంకటేశ్వర సామి కొండుంది కదే, రేవు పక్కన. అక్కడికెళ్లి ఒకసారి చూద్దుమా?" అంది. "సింహాచలం వెళ్తున్నాం కదమ్మా, ఇంకో గుడి ఎందుకు?" అన్నాను. గుడి కోసం అడిగిందనుకున్నాను. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఒక మాట ఒకసారే చెప్పడం మా అమ్మ అలవాటు. రెండోసారి చెప్పలేదంటే పెద్దగా పట్టింపు లేదన్నమాట అని నేను చాలా ఏళ్లుగా అనుకుంటూ వచ్చాను. ఆ లెక్క తప్పని తెలియడానికి ఈ ప్రయాణం కావలసి వచ్చింది.

సింహాచలంలో చందనం పూతలో ఉన్న స్వామిని చూసి అమ్మ సంతోషించింది. ఆ తర్వాత రోజంతా ఆవిడ మా వెనకే నడిచింది. కైలాసగిరి మీద శివపార్వతుల బొమ్మల దగ్గర ఎండ మండిపోతోంది. మోకాలు పట్టేస్తోందని నాకు చెప్పకుండా మా అమ్మాయికి చెప్పి, నాకు చెప్పవద్దంది. తొట్లకొండలో కారు దిగలేదు. కిటికీ అద్దం దించుకుని కూర్చుంది. నేను రాళ్ల మధ్య తిరుగుతూ చాలాసేపు ఉండిపోయాను. మధ్యాహ్నం రొయ్యల బిర్యానీ తిన్నాం. ఓడ ఎక్కబోయే వయసు మళ్లిన మనిషికి నూనె, మసాలా పెట్టించాను. బీచ్‌కు చేరేసరికి కురుసుర మూసి ఉంది. అది సోమవారం, దానికి వారపు సెలవు. అబ్బాయి ముఖం చిన్నబోయింది. వాణ్ని ఊరడించడానికి ఇంకో రెండు చోట్లకు తిప్పాను. గదికి చేరేసరికి అమ్మ పాదాలు ఉబ్బి ఉన్నాయి.

మర్నాడు రేవులో నిలబడటమే ఒక పని. ఓడ కదిలే వేళకు గంటల ముందే రమ్మంటారు. సామాన్ల తనిఖీ, కాగితాల తనిఖీ, వరస. మా ముందు బియ్యం మూటలు, పచ్చళ్ల డబ్బాలు, సంచులతో ద్వీపాల తెలుగు వాళ్లు. ఊరికొచ్చి తిరిగి వెళ్తున్నారు. అందులో ఒకావిడ అమ్మ యాస విని పలకరించి, తన మూట మీద కూర్చోబెట్టింది. ఓడ మెట్లు నిటారుగా ఉంటాయి. అమ్మను ఇద్దరం చెరో పక్కా పట్టుకుని ఎక్కించాం. కేబిన్‌లో పడుకోబెట్టగానే నిద్రపోయింది.

టగ్గులు వచ్చి ఓడను మెల్లగా కదిలించినప్పుడు నేనూ పిల్లలూ డెక్ మీదున్నాం. అమ్మను లేపాలా అనుకున్నాను, లేపలేదు. అలసిపోయింది, పడుకోనీ అనుకున్నాను. లోపలి హార్బర్ నుంచి సన్నని జలమార్గం గుండా ఓడ సముద్రం వైపు సాగింది. కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, ఎడమవైపు పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదనీ దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వర స్వామి గుడి. పూర్వం ఈ దారిన వచ్చే పోయే ఓడలు దర్గాకు జెండా దించి ఎత్తి నమస్కరించేవని చెప్పుకుంటారు. ఆ గుడిని 1866లో ఒక ఇంగ్లిష్ కెప్టెన్ కట్టించాడంటారు. ఓడ నుంచి చూస్తే ఆ మూడూ చాలా దగ్గర. మెట్ల మీది మనుషులు కూడా కనిపిస్తున్నారు. గుడి కొండ మీంచి ఎవరో చెయ్యి ఊపారు. పిల్లలు కూడా ఊపారు. అమ్మ ఏ కొండ గురించి అడిగిందో, ఎందుకు అడిగిందో నాకు అప్పుడు తట్టింది.

కిందికి పరుగెత్తాను. కళ్లు తెరిచి ఉంది. ఇంజన్ అదురు తెలుస్తోంది కదా, కదిలిందని గ్రహించింది. "కొండ దాటిపోయిందా?" అని అడిగింది. దాటిపోయింది. ఇంకేమీ అనలేదు.

తర్వాత తెరలు తెరలుగా చెప్పింది. మావయ్య వెళ్లే రోజున తాతయ్యా అమ్మా విశాఖ వచ్చారట. రేవు లోపలికి రానివ్వకపోతే తాతయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ కొండెక్కించాడు. ఓడ కింద నుంచి వెళ్తుంటే ఇద్దరూ కండువా ఊపారు. డెక్ మీద అందరూ ఒకేలా కనిపించారు. వాళ్లలో అన్నయ్య ఎవరో తెలియలేదు. ఆ కొండ మీద ఒక్కసారి నిలబడి, మర్నాడు ఓడ మీంచి ఆ కొండను చూడాలని ఆవిడ కోరిక.  మేం దిగిన హోటల్ నుంచి అది పెద్ద దూరం కూడా కాదు.

ఆ రాత్రే సముద్రం ఊపు మొదలైంది. ఇక్కడ నా రెండో పొరపాటు చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరికైనా పనికొస్తుంది. ఓడలో కడుపులో తిప్పడానికి కారణం కడుపు కాదు. కదులుతున్నామని చెవి లోపలి భాగం చెబుతుంది, కేబిన్ గోడ కదలడం లేదని కళ్లు చెబుతాయి. రెండింటికీ పొంతన కుదరక శరీరం తిరగబడుతుంది. నిద్ర లేమి, అలసట, మసాలా తిండి, నీళ్లు తక్కువ తాగడం దాన్ని పెంచుతాయి. నేను ముందు రోజంతా అమ్మకు ఇచ్చినవి సరిగ్గా ఇవే. మాత్ర తెచ్చాను గానీ, వాంతులు మొదలయ్యాక ఇచ్చాను. అది ఊపు మొదలవ్వక ముందే వేసుకోవాలి, పెద్దవాళ్లయితే బీపీ, షుగరు మందులతో కలవచ్చో లేదో డాక్టరును అడిగి మరీ. మాత్ర నిలవలేదు. ఓడలోని డాక్టరు చూసి నీళ్లు కొంచెం కొంచెం పట్టించమన్నాడు. ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో ఊపు తక్కువగా ఉంటుందని, మెలకువగా ఉన్నంతసేపు డెక్ మీదకు తీసుకొచ్చి దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత వైపు చూడమనాలని ఆయనే చెప్పాడు. రెండో రోజు సాయంత్రానికి అమ్మ లేచి కూర్చుని మజ్జిగ అన్నం తినగలిగింది. అప్పటిదాకా నేను పడ్డ భయం మాటల్లో చెప్పలేను.

పోర్ట్ బ్లెయిర్ పేరు ఇప్పుడు శ్రీవిజయపురం. హాడో రేవులో మావయ్య మనవడి చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అన్నాచెల్లెళ్లు కలుసుకున్న తీరు వాళ్లిద్దరిదీ, నేను రాయను. ఆ రాత్రి భోజనాల దగ్గర మావయ్య అడిగాడు: "కొండెక్కావా? మన కొండ?" నేను ముద్ద మింగలేకపోయాను. "ఎండ ఎక్కువగా ఉందన్నయ్యా, నేనే వద్దన్నాను" అంది అమ్మ. మావయ్య తల ఊపి తన వైపు కథ చెప్పాడు. ఆ రోజు ఆయన డెక్ మీద కమ్మీ పట్టుకుని కొండ కనుమరుగయ్యేదాకా చూశాడట. తెల్ల కండువా ఒకటి కనిపించింది గానీ అది తాతయ్యదో కాదో ఆయనకూ తెలియలేదట. ఇన్నేళ్లుగా ఇద్దరి దగ్గరా చెరో సగం ఉండిపోయిన సంగతి అది. అమ్మ ఆ కొండెక్కి వచ్చి ఉంటే ఆ రాత్రి ఆయనకు చెప్పడానికి ఇంకెంత ఉండేదో!

నా తరఫున అబద్ధమాడినందుకు తర్వాత అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. "ఊరుకో, పిల్లలు చూస్తారు" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఓడ వద్దని విమానంలో తీసుకొచ్చాను. విశాఖలో మధ్యాహ్నం దిగాం, రైలు రాత్రికి. పిల్లల్ని వాళ్ల నాన్నతో గదికి పంపి, కారు ఆ కొండ ఉన్న పాత పోస్టాఫీసు వైపు తిప్పమని డ్రైవరుకు చెప్పాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దులేవే. అది ఓడెక్కే ముందు చూడాల్సిన కొండ."