పాత పాటకు కొత్త వెల్ల!

పిడుగురాళ్ల అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సున్నం. ఊరి పేరులోనే కాదు, బతుకులోనూ రాళ్లే. పల్నాడు నేలలో దొరికే సున్నపురాయిని తెచ్చి, బట్టీల్లో బొగ్గుతో కలిపి పేర్చి, దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే సున్నం చేతికొస్తుంది. ఇక్కడ లారీకెక్కిన సున్నం, ముగ్గు ఎక్కడెక్కడి వాకిళ్లకో చేరతాయి. పండక్కి ముందు పాత గోడకు వెల్ల వేస్తే ఇల్లంతా కొత్తగా మెరిసిపోతుంది. గోడ మాత్రం తాతలనాటిదే!

సరిగ్గా ఇలాంటి పనే ఇప్పుడు పాత పాటలకూ జరుగుతోంది. దాని పేరే రీమాస్టరింగ్. ఘంటసాల, సుశీల, లీల పాడిన పాటలు గరగరలు వదిలించుకుని, నిన్ననే రికార్డు చేశారా అన్నంత స్వచ్ఛంగా వినిపిస్తున్నాయి.

రోడ్డు మీద పాట

నార్కెట్‌పల్లి-అద్దంకి రహదారి పిడుగురాళ్ల మీదుగానే వెళ్తుంది. రాత్రీ పగలూ లారీలు తిరిగే ఇలాంటి దారిలో పాటే డ్రైవరుకు తోడు. టీకొట్టు దగ్గర ఆగిన బండిలోంచి ఓ పాత యుగళగీతం వినిపిస్తే, గ్లాసు పట్టుకున్న పెద్దాయన తల ఊపుతాడు. పక్కనే ఉన్న కుర్రాడూ ఫోన్లోంచి తలెత్తుతాడు. ఒకే పాట ఇద్దర్నీ పట్టుకోవడం వెనక పాతికేళ్ల సాంకేతిక శ్రమ ఉంది.

ఆ పెద్దాయన తరం పాట విన్న తీరే వేరు. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి, రాత్రిపూట అలలు అలలుగా వచ్చిపోయే రేడియో సిలోన్... ఆ తర్వాత క్యాసెట్లు. నచ్చిన పాటల చీటీ రాసిచ్చి, ఖాళీ క్యాసెట్టులో రికార్డు చేయించుకోవడం అప్పట్లో ప్రతి చిన్న ఊళ్లోనూ ఓ సరదా. వందసార్లు తిరిగాక రీలు సాగేది, గాయకుడి గొంతు బొంగురుపోయేది. అయినా పెన్సిలు పెట్టి రీలు చుట్టి మళ్లీ వినేవారు. ఆ చెవులకు గరగర కూడా పాటలో భాగమే!

బూజు దులిపే విద్య

పాత రోజుల్లో గాయకులూ, వాద్యబృందమూ ఒకేచోట చేరి పాడితే అంతా కలిపి ఒకే ట్రాకుగా రికార్డయ్యేది. ఏళ్లు గడిచేసరికి ఫిల్ముకు గీతలు పడతాయి, టేపు మీద బుస్సుమనే శబ్దం చేరుతుంది. రీమాస్టరింగ్ చేసేవారు ముందు దొరికినవాటిలో మంచి ప్రతిని ఎంచుకుంటారు. చిటపటలు తీసేస్తారు. మరుగునపడ్డ వీణనో, తబలానో కాస్త పైకి తెస్తారు. కొత్తగా ఏమీ కలపరు.

మన తెలుగులో దీనికి పెద్ద ఉదాహరణ ‘మాయాబజార్’. 1957 నాటి ఈ చిత్రాన్ని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగుల్లోకి మార్చి, ధ్వనిని కూడా డీటీఎస్‌కి తగ్గట్టు తీర్చిదిద్ది 2010 జనవరి 30న విడుదల చేసింది. సాలూరి రాజేశ్వరరావు మొదలుపెట్టి, ఘంటసాల పూర్తిచేసిన ఆ సంగీతాన్ని మనవల తరం థియేటర్లో కూర్చుని విన్నది.

రీమిక్సు సంగతి వేరు. అది వెల్ల వేయడం కాదు, గోడ కొట్టి గది మార్చడం! ‘యమగోల’ (1977) పాట ‘యమదొంగ’ (2007)లో, ‘గ్యాంగ్ లీడర్’ (1991) పాట ‘రచ్చ’ (2012)లో కొత్త గొంతుతో, కొత్త దరువుతో వచ్చాయి. కుర్రకారు చిందేసింది. కొందరు పెద్దలు చెవులు మూసుకున్నారు. ఆ పాటలు విన్నాక అసలు పాట ఏదని వెతుక్కున్నవాళ్లూ లేకపోలేదు.

ఈ మోజు మనకే కాదు. 1980లో హత్యకు గురైన జాన్ లెనన్ అంతకు ముందు ఇంట్లో క్యాసెట్టు మీద పాడుకున్న ఓ పాటను పూర్తిచేయాలని 1995లో బీటిల్స్ మిత్రులు ప్రయత్నించారు. పియానో మోతలో గొంతు కలిసిపోయి ఉండటంతో వదిలేశారు. చివరికి కంప్యూటరు సాయంతో ఆ గొంతును విడదీసి, 2023లో ‘నౌ అండ్ దెన్’ పేరుతో విడుదల చేశారు. ఇంట్లోని మామూలు క్యాసెట్టు భద్రంగా ఉండబట్టే అది సాధ్యమైంది.

పల్నాటికి కొత్త కాదు

ఆ మాటకొస్తే, ఉన్నదాన్ని మళ్లీ కొత్తగా వినిపించడం పల్నాటికి తెలియని విద్యా? 12వ శతాబ్దపు వీరుల కథను ఇక్కడి వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూనే ఉన్నారు. కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు సాగే కారంపూడి ఉత్సవాల్లో ఆ కథ మళ్లీ మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. గాయకుణ్ని బట్టి నడక మారుతుంది, వరస మారుతుంది. బ్రహ్మనాయుడూ, నాగమ్మా మాత్రం మారరు. శ్రీనాథుడి పేరున ఉన్న ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. వెండితెర మీద ఇదే కథ ‘పల్నాటి యుద్ధం’గా 1947లో గాలిపెంచల నరసింహారావు సంగీతంతో, 1966లో రాజేశ్వరరావు సంగీతంతో రెండుసార్లు వచ్చింది. మొదటిదానిలో కన్నాంబ నాగమ్మ, రెండోదానిలో భానుమతి.

అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ ఇక్కడికొచ్చి అలిసెట్టి గాలెయ్య పాడిన వీరకథను రికార్డు చేసుకుని ఆంగ్లంలోకి అనువదించారు. 1982లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని పుస్తకంగా ప్రచురించింది. ఆ రికార్డింగే లేకపోతే గాలెయ్య పాడిన తీరు ఆయన ఊపిరితోనే పోయేది.

మూలం మిగిలితేనే...

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. శుభ్రం చేయాలన్నా, కొత్త దరువు కట్టాలన్నా మొదటి ప్రతి ఉండాలి. మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ (1931) ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు ఎంత గొప్ప కంప్యూటరు వచ్చినా ఆ పాటల్ని వినిపించలేదు. పోనీ ప్రతి దొరికినా, శుభ్రం చేసే చెయ్యి మంచిదై ఉండాలి. బుస శబ్దం పూర్తిగా పోవాలని పట్టుబడితే, దాంతోపాటు వీణ తీగ చివరి కంపనమూ, గాయని తీసుకున్న చిన్న ఊపిరీ కొట్టుకుపోతాయి. పాట పొడవునా ఒకే మోత పెంచితే గుసగుసకూ కేకకూ తేడా మిగలదు.

అందుకే రీమాస్టరింగ్ పాట నచ్చితే హాయిగా వినండి, పిల్లలకు వినిపించండి. ఇంట్లో అటక మీదున్న పాత క్యాసెట్టునూ, నాన్నగారి గ్రామఫోను రికార్డునూ మాత్రం పాత సామాన్ల వాడికి వేయకండి. పెళ్లిలో అమ్మమ్మ పాడిన పాటో, ఊళ్లో చెప్పించిన వీరకథో అందులో ఉందేమో ఒకసారి చూడండి. వాటికి రెండో ప్రతి మరెక్కడా దొరకదు.

వెల్ల ఏటా వేసుకోవచ్చు. గోడే పడిపోతే మాత్రం పిడుగురాళ్ల సున్నమంతా తెచ్చి పోసినా లాభం లేదు.